మామ మెయిళ్లు ఎవరి ఖాతాలోకి పోవాలి?

మీ ఇంట్లో ఏ గదిలోనో పాత కంప్యూటర్ ఒకటి దుప్పటి కప్పుకుని పడి ఉందా? పండగకి సున్నాలు వేసేటప్పుడల్లా "దీన్ని పాత సామాన్లకు వేసేద్దాం, చోటు దండగ" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు కదా? ఈసారి అన్నప్పుడు ఒక్క వారం గడువు అడగండి. అందులో మీ ఇంటి మెయిళ్లు ఉండొచ్చు. "మెయిళ్లు ఇంటర్నెట్‌లో ఉంటాయి గానీ ఆ డబ్బాలో ఎందుకుంటాయి?" అని పిల్లలు నవ్వుతారు. ఇప్పటివి అట్లాగే ఉంటాయి. 2005కి అటూ ఇటూ రాసుకున్నవి మాత్రం చాలా ఇళ్లల్లో ఆ డబ్బాలోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు.

ఎందుకో చెప్తాను. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం 1995 ఆగస్టు 15న మొదలైంది. పల్లెల్లో మనం చూసేసరికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఫోన్ తీగని కంప్యూటర్‌కి తగిలిస్తే కాసేపు కీచుకీచుమని అరిచి కలిసేది. కలిసి ఉన్నంతసేపూ బిల్లు తిరుగుతూనే ఉండేది. అందుకని ఎవరూ ఇంటర్నెట్‌లో కూర్చుని మెయిళ్లు చదివేవాళ్లు కాదు. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అని ఒకటి ఉండేది, దాంతో వచ్చిన మెయిళ్లన్నీ గబగబా కంప్యూటర్‌లోకి దింపుకుని, లైను తీసేసి, తర్వాత తీరిగ్గా చదువుకునేవాళ్లు. దింపుకున్న మెయిల్ అవతలి వాళ్ల దగ్గర మిగిలేది కాదు. ఉంచమని ప్రత్యేకంగా ఒక టిక్కు పెడితేనే ఉండేది, ఆ టిక్కు సంగతి ఎవరికి తెలుసు? పెట్టినా చోటు చాలేది కాదు. అప్పట్లో హాట్‌మెయిల్ ఉచిత ఖాతాకి ఇచ్చింది 2 ఎంబీ. ఇప్పుడు మన ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో అంత ఉంటుంది. 2004 ఏప్రిల్ 1న గూగుల్ ఒక జీబీ ఇస్తానంటే ఏప్రిల్ ఫూల్ చేస్తున్నారనుకున్నారట జనం.

కుళాయి నీళ్లు పట్టుకున్నట్టే అది. బిందెలోకి వచ్చిన నీళ్లు మళ్లీ కుళాయిలో ఉండవు. బిందె పగిలిందా, అంతే.

మా ఇంటి బిందె మా మామది. ఆయన హైస్కూల్లో లెక్కల అయ్యవారు. 2002లో మా బావ, అంటే మా ఆయనకి అన్న, అమెరికా పోతూ పోతూ ఎమ్మిగనూరులో కంప్యూటర్ కొనిచ్చి, మెయిల్ పెట్టిచ్చి, ఏది నొక్కాక ఏది నొక్కాలో ఒక కాగితం మీద రాసి గోడకి అంటించి పోయినాడు. ఆ కాగితం చూసుకుంటూ మామ ఒక్క వేలితో రాయడం మొదలుపెట్టారు. 2011 దాకా రాస్తూనే ఉన్నారు. తర్వాత ఫోన్లు చవకయ్యాయి, వాట్సాప్ వచ్చింది, కంప్యూటర్ మీద దుప్పటి పడింది. 2016లో మామ పోయారు.

ఏం రాసేవారు? అన్నీ. గాజులదిన్నె ప్రాజెక్టులో నీళ్లు ఎంతదాకా వచ్చినాయి, ఆదోని మార్కెట్లో పత్తి ఏం ధర పలికింది, ఎవరు పోయారు, ఎవరి ఇంట్లో పెళ్లి, అమ్మకి మోకాళ్ల నొప్పులు ఎట్లున్నాయి. అంతా తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో. మొదటి రెండేళ్లు అన్నీ పెద్దక్షరాలే, ఎందుకంటే ఆ మీట ఎట్లా తీయాలో గోడమీది కాగితంలో లేదు. సాయంత్రం లైను తీసేశాక మా అత్తని పిలిచి, బావ రాసింది చదివి వినిపించేవారు. అత్తకి చదువు రాదు. నేను వంటింట్లో రొట్టెలు తడుతూ వినేదాన్ని. మా పెళ్లయిన కొత్తల్లో ఆ ఇంట్లో నాకు బాగా గుర్తున్న చప్పుడు అదే.

నిరుడు ఎండాకాలంలో మా పాప ఏదో పాత ఫొటో కావాలని ఆ కంప్యూటర్ పెట్టింది. మూడోసారికి గానీ లేవలేదు. లేచినా గరగరమని ఒకటే మోత. ఎమ్మిగనూరు రిపేరు అబ్బాయిని అడిగితే, "ఉన్నదంతా తీసేసుకోండక్కా, ఇది ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం" అన్నాడు. బావకి ఫోన్ చేశాం. ఆయన దగ్గర ఏమీ లేవు. మొదట చేరిన కంపెనీ మెయిల్‌తోనే రాసేవాడంట, ఆ కంపెనీ వదిలిన రోజే ఆ ఖాతా పోయింది. అంటే తండ్రి రాసినవీ కొడుకు రాసినవీ, రెండు వైపులవీ కలిపి ప్రపంచంలో మా గోనెగండ్ల ఇంట్లో ఆ ఒక్క డబ్బాలోనే ఉన్నాయన్నమాట.

అసలు విషయం ఇక్కడ మొదలైంది. "నా జీమెయిల్‌కి ఎక్కించెయ్ మ్మా, నేను చూసుకుంటా" అన్నాడు బావ. మా ఆయన కూడా, "అన్న దగ్గరుంటే అందరి దగ్గరా ఉన్నట్టే కదా" అన్నాడు. ఇద్దరూ మంచి మనసుతోనే అన్నారు. ఆదోనిలో ఉన్న మా ఆడబిడ్డకి ఈ సంగతి తెలిసి ఫోన్ చేసింది. "నాయన రాసినవి నాకూ కావల్ల వదినా" అంది. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు.

నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ ఒక్క మాట కోసం. పాత మెయిళ్లని కొత్త ఖాతాలోకి ఎక్కించడం సాంకేతిక విద్య అని, అది మగవాళ్ల పని అని, లేకపోతే ఇంజనీరింగ్ చదివే పిల్లల పని అని మనం వదిలేస్తాం. ఆ పని నాలుగు రోజుల్లో అయిపోతుంది. ఎవరి ఖాతాలోకి ఎక్కించాలి, ఎవరు చదవచ్చు అనేది మాత్రం ఇంటి పంచాయతీ. అది తేలకుండా ఎక్కించకూడదంటాను నేను. తేల్చేటప్పుడు ఆ ఇంటి ఆడవాళ్లు అక్కడ కూర్చుని ఉండాలంటాను.

మన చిన్నప్పుడు ఉత్తరాలు ఎక్కడుండేవో గుర్తు చేసుకోండి. తలుపు పక్కన వంచిన ఇనప కమ్మి ఒకటి వేలాడుతుండేది. వచ్చిన కార్డులు, ఇన్‌లాండు కవర్లు దానికి గుచ్చేవాళ్లు. ఎవరైనా తీసి చదవచ్చు, చదువు వచ్చిన ప్రతి ఒక్కరిదీ అది. శుభకార్యం ఉత్తరమైతే మూలలకి పసుపు రాసి వచ్చేది. చావు కబురు ఉత్తరం మాత్రం చదివిన వెంటనే చింపేసేవాళ్లు, ఇంట్లో ఉంచేవాళ్లు కాదు. అంటే ఏది ఉండాలి, ఏది పోవాలి అనేదానికి ఇంట్లో అందరికీ తెలిసిన ఒక పద్ధతి ఉండేది. దాంతోపాటు ఇంకోటి కూడా ఉండేది, మరుపు. కమ్మికి అడుగున ఉన్న ఉత్తరం జోలికి ఎవరూ పోరు. అత్తాకోడళ్ల తగవు గురించి ఎవరో ఎవరికో రాసింది అడుగున పడి, చెదలు తిని, దాని దారిన అది పోయేది.

జీమెయిల్‌లోకి ఎక్కాక అడుగున పడడం అనేది లేదు. పైన వెతికే గడిలో ఒక పేరు కొడితే చాలు, పదేళ్లలో ఆ మనిషి గురించి ఎవరెవరు ఏం రాశారో వరసగా వచ్చి నిలబడతాయి. (తెలుగులో కొడితే మామ మెయిళ్లు రావు, ఆయన ఎట్లా రాసేవారో అట్లాగే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. అమెరికాలో చదువుకునే మనవాళ్లు రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద ఆర్‌టీఎస్ అని ఒక చక్కటి పద్ధతి పెట్టుకున్నారు, ఏ అక్షరానికి ఏది కొట్టాలో. మా మామ పద్ధతి ఆయనదే. "అమ్మాయి"ని మూడు రకాలుగా రాశారు, లెక్కల అయ్యవారు అయ్యుండీ.)

మీరు అడుగుతారని తెలుసు కాబట్టి చెప్తున్నా. అవును, నా పేరు కూడా కొట్టి చూశాను. పదిహేడు వచ్చాయి. మొదటిది నా కాన్పు గురించి. రెండోది నేను చేసే చింతాకు పప్పు గురించి, బావకి రుచి ఊరించడానికి రాసింది. మూడోది చదివి లాప్‌టాప్ మూసేశాను. మిగతా పద్నాలుగూ అట్లాగే ఉన్నాయి. మామ మీద నాకు కోపమేమీ లేదు. ఆయన కొడుకుతో చెప్పుకున్నారు, నాతో కాదు. అవతలి గదిలో మాట్లాడుకుంటుంటే వినపడే మాటలకీ, మొహమ్మీద అనే మాటలకీ తేడా ఉంది కదా. వెతికే గడి ఆ రెండు గదుల మధ్య గోడ తీసేస్తుంది.

అందుకే "అందరికీ పాస్‌వర్డ్ ఇచ్చేద్దాం, కుటుంబంలో దాపరికం ఏముంది" అనే మాట నాకు నచ్చదు. దాపరికం లేని కుటుంబం నేను చూడలేదు. మీరు చూస్తే చెప్పండి.

మరి బావ ఖాతాకే పంపేయచ్చు కదా, ఆయనవే కదా ఉత్తరాలు? ఈ మాటలో న్యాయం ఉంది, కాదనను. ఆయనకి రాసినవి, ఆయన రాసినవి. నేను రెండు మూడు రోజులు దీన్ని తిప్పి తిప్పి ఆలోచించాను. అప్పుడు నాకు తోచింది ఇది. ఆ తొమ్మిదేళ్ల మెయిళ్లల్లో రాసినవాళ్లు ఇద్దరూ మగవాళ్లే. మా ఇంట్లో ఏ ఆడమనిషి పేరుమీదా ఖాతా లేదు. అత్తకి అక్షరాలు రావు, ఆడబిడ్డ ఆదోనిలో ఉండి వస్తూ పోతూ ఉంటుంది, నాకు అప్పుడు కంప్యూటర్ దగ్గరికి పోయే తీరికే లేదు. కానీ రాసినదాంట్లో సగం మా గురించే. ఆడబిడ్డ పెళ్లి 2005లో అయింది. ఎంత బంగారం, ఎవరు ఎంత సర్దాలి, చేను సంగతి ఏమిటి, అన్నీ అందులోనే తేలి ఉంటాయి. ఆడపిల్లకి తండ్రి ఆస్తిలో పుట్టుకతో సమాన హక్కు అని దేశమంతటికీ చట్టం మారింది కూడా ఆ ఏడాది సెప్టెంబరులోనే. మా ఇంట్లో ఆస్తి తగాదా ఏమీ లేదు, ఆ మెయిళ్లు పట్టుకుని ఎవరూ కోర్టుకి పోయేదీ లేదు. కానీ తన పెళ్లి గురించి తన తండ్రి ఏమనుకున్నాడో అన్నకి తెలిసి, చెల్లికి తెలియకపోవడం ఏం పద్ధతి?

కొడుకు కాపీ కొడుక్కి. అది ఆయన హక్కు. తండ్రి కాపీ మాత్రం ఇంటిది. ఇల్లు అంటే ముందు ఆయన భార్యది.

చట్టం ఇట్లాంటివాటికి ఏమంటుందో అని మీరు అడగచ్చు. 2004లో ఇరాక్ యుద్ధంలో చనిపోయిన జస్టిన్ ఎల్స్‌వర్త్ అనే అమెరికా కుర్రవాడి మెయిళ్లు ఇంట్లోవాళ్లు అడిగితే, ఖాతా అతనిది, మేం ఇవ్వకూడదు అంది యాహూ. చివరికి 2005లో మిషిగన్ కోర్టు చెప్పాక ఇచ్చింది. కన్న కొడుకు మెయిళ్ల కోసం కోర్టుకి పోవాల్సి వచ్చింది ఆ కుటుంబం. మన దేశంలో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో, మనం పోయాక మన సమాచారం సంగతి చూసుకోవడానికి ఒకరిని నియమించుకునే హక్కు ఉంది. బ్యాంకు పుస్తకానికి నామినీ రాస్తాం కదా, అట్లాంటిదే. మెయిల్‌కి రాయాలని మనలో ఎంతమందికి తోస్తుంది? కంప్యూటర్‌లో ఉన్న మెయిళ్లకి ఈ తంటా లేదు, డబ్బా ఎవరింట్లో ఉంటే వాళ్లవి. ఖాతాలోకి ఎక్కించిన క్షణం నుంచి మాత్రం ఆ ఖాతా ఎవరి పేరున ఉంటే వాళ్లవి. అందుకే ఎక్కించకముందే పేరు ఆలోచించమంటున్నాను.

నేను అత్త దగ్గర కూర్చుని అంతా చెప్పాను. బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ మామ నాకు అన్నీ చదివి చెప్పినాడా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. "కొన్ని వదిలిపెట్టింటాడు. చదువుతా చదువుతా ఆగేవాడు, నాకు తెలుస్తాండె" అంది.

అన్నీ చదవమంటావా అత్తా అంటే, ఆమె చెప్పింది ఇది. "నా గురించి రాసినవి వద్దులేమ్మా. ఆయన నోటితో చెప్పినవి సాలు నాకు. పాప గురించి రాసినవి పాపకి ఇయ్యి. పెద్దోడు ఎట్లా చదివిందే కదా, పాప కూడా చదవల్ల."

డెబ్బై ఆరేళ్ల మనిషి, అక్షరం రాని మనిషి, ఒక్క నిమిషంలో తేల్చింది. మేము చదువుకున్నవాళ్లం వారం రోజులు ఫోన్లల్లో పంచాయతీ పెట్టుకున్నాం.

అత్త పేరు మీద జీమెయిల్ తెరిచాం. బావకి చెప్తే రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు "అమ్మ ఎట్లంటే అట్లే" అన్నాడు. మా ఆయన మాత్రం "చదువు రాని మనిషికి మెయిల్ ఎందుకు" అని గొణిగాడు. ఆమె పేరు మీద చేను ఉంది, ఆమె ఏమైనా మడక దున్నుతుందా అన్నాను. ఆ తర్వాత ఏమీ అనలేదు.

ఇక ఎక్కించే పద్ధతి. ఇది చదివి భయపడకండి, కుట్టుమిషన్‌లో దారం ఎక్కించడం ఇంతకంటే కష్టం. పాత కంప్యూటర్ ఇంకా లేస్తూ ఉంటే, ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ తెరిచి, ఒక ఫోల్డర్‌లోని మెయిళ్లన్నీ ఎంచుకుని, డెస్క్‌టాప్ మీద ఒక కొత్త ఫోల్డర్ చేసి అందులోకి లాగి పడెయ్యండి. ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలుగా పడుతుంది, పేరు చివర ఈఎమ్‌ఎల్ అని ఉంటుంది. వచ్చినవి ఒక ఫోల్డర్, పంపినవి ఒక ఫోల్డర్. పంపినవి మర్చిపోవద్దు, మన పెద్దవాళ్ల మాటలు ఉండేది వాటిలోనే. పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తుకుని కొత్త లాప్‌టాప్‌కి తెచ్చుకోండి. అందులో థండర్‌బర్డ్ అని ఉచితంగా దొరికే మెయిల్ ప్రోగ్రాం పెట్టుకోవాలి. దానికి ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ టూల్స్ ఎన్‌జీ అనే తోడు ఒకటి తగిలిస్తే ఈ ఫైళ్లన్నిటినీ లోపలికి తీసుకుంటుంది. అదే థండర్‌బర్డ్‌లో జీమెయిల్ ఖాతాని ఐమ్యాప్ పద్ధతిలో కలపండి. అప్పుడు ఎడమ పక్కన రెండూ కనపడతాయి, పాత మెయిళ్లు, కొత్త ఖాతా. ఇటు నుంచి అటు కాపీ చేయడమే. ఒకేసారి వేలకి వేలు లాగితే మధ్యలో ఆగిపోతుంది, ఏడాదికో ఫోల్డర్ చేసుకుని కొంచెం కొంచెంగా పంపండి. పంపాక లెక్క చూసుకోండి, ఇక్కడ ఎన్ని, అక్కడ ఎన్ని. తేదీలు సరిగ్గా పడ్డాయో లేదో పదో పరకో తెరిచి చూడండి.

కంప్యూటర్ అసలు లేవకపోతే అప్పుడు రిపేరువాళ్ల పని. లోపలి హార్డ్ డిస్కు తీసి కేబుల్‌తో లాప్‌టాప్‌కి తగిలిస్తారు. చివర డీబీఎక్స్ అని ఉన్న ఫైళ్లు వెతకమని చెప్పండి, లేకపోతే ఫొటోలు మాత్రం తీసిచ్చి అంతే అంటారు. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ వాటిని దాచిపెట్టిన ఫోల్డర్లలో ఉంచేది, మామూలుగా చూస్తే కనపడవు. మీ ఇంట్లోవాళ్లు వాడింది ఎక్స్‌ప్రెస్ కాకుండా ఆఫీసుల్లో వాడే ఔట్‌లుక్ అయితే పీఎస్‌టీ అని ఉంటుంది, అంతా ఒకే పెద్ద ఫైలు. పాత రకం పీఎస్‌టీ 2 జీబీ దాటితే పాడయ్యేది, అందుకని ముందు దాని కాపీ ఒకటి తీసి పక్కన పెట్టి ఆ తర్వాతే ముట్టుకోవాలి.

మా మామ తొమ్మిదేళ్ల మెయిళ్లు, బావ పంపిన మంచు ఫొటోలతో సహా, ఒక్క జీబీ కూడా కాలేదు. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. చోటు గురించి బెంగ అక్కర్లేదు, ఆ ఖాతాలో ఫోన్ ఫొటోలు కూడా వేసి నింపకుండా ఉంటే. ఆ 15 జీబీ మెయిళ్లకీ, ఫొటోలకీ, డ్రైవ్‌కీ కలిపే.

బెంగ పెట్టుకోవాల్సింది ఇంకోదానికి. ఈ క్లౌడు మన ఇల్లు కాదు, అద్దె ఇల్లు. ఇంటివాళ్లు ఎప్పుడైనా ఖాళీ చేయమనచ్చు. యాహూ గ్రూపులు గుర్తున్నాయా? తెలుగు సాహిత్యం గురించి దేశదేశాల మనవాళ్లు రచ్చబండ అని అక్కడొక గ్రూపు పెట్టుకుని ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఇంకా అట్లాంటివి ఎన్నో. 2019 అక్టోబరులో యాహూ పాత రాతలన్నీ తీసేస్తున్నామని చెప్పింది, 2020 డిసెంబరు 15న గ్రూపులు మొత్తం మూసేసింది. ముందే దింపుకున్నవాళ్లకి దక్కాయి. గూగుల్‌కి కూడా ఒక నియమం ఉంది. రెండేళ్లపాటు ఎవరూ ముట్టని ఖాతాని తీసేయచ్చు, 2023 డిసెంబరు నుంచి ఇది అమల్లో ఉంది. అత్త ఖాతాని రోజూ తెరిచేవాళ్లు ఎవరున్నారు? అందుకని ఏటా ఉగాది నాడు పంచాంగం విన్నాక ఒకసారి తెరవాలని పెట్టుకున్నాం. గూగుల్ టేకౌట్ అని ఒకటుంది, దాంతో ఖాతాలో ఉన్న మెయిళ్లన్నీ ఒక ఫైలుగా మళ్లీ దింపుకోవచ్చు. అట్లా దింపిన కాపీ ఒకటి బీరువాలో, చేను పట్టా ఉన్న పెట్టెలో ఉంది. ఇంకోటి ఆదోనిలో.

పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదని పిల్లలు చెప్తారు. నేను రాశాను. రాసి అత్త చేతికిచ్చాను, ఆమె ఎక్కడ పెట్టుకుందో నాకు తెలియదు. ఖాతాకి రెండో తాళంలాగా ఫోన్‌కి వచ్చే నంబరు ఆడబిడ్డ ఫోన్‌కి పెట్టాం. కాగితం ఒకరి దగ్గర, ఫోన్ ఒకరి దగ్గర. గూగుల్‌లోనే ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఇంకో ఏర్పాటు ఉంది, ఖాతా ఇన్ని నెలలు కదలకపోతే ఫలానావాళ్లకి ఇవ్వండి అని ముందే రాసిపెట్టుకోవచ్చు. మూడు నెలల నుంచి పద్దెనిమిది నెలల దాకా గడువు, పదిమంది పేర్లు రాయచ్చు. అత్త మూడు పేర్లు చెప్పింది. వరస కూడా ఆమే చెప్పింది, పాప, చిన్నోడు, పెద్దోడు. దూరాన్నిబట్టి చెప్పింది అనుకుంటున్నాను, అడగలేదు.

మొన్న దసరా సెలవుల్లో ఆడబిడ్డ తన లాప్‌టాప్ తెచ్చుకుని వచ్చింది. అత్త ఖాతానీ తన ఖాతానీ పక్కపక్కన పెట్టి తనే వెతుక్కుని, తనకి కావాల్సినవి తన ఖాతాలోకి కాపీ చేసుకుంది. నేను వంటింట్లో ఉగ్గానికి బొరుగులు నానబెడుతూ ఉన్నాను, ఆ గదిలోకి పోలేదు. ఒక పూట పట్టింది. బయటికి వచ్చాక మొహం కడుక్కుని, "మిరపకాయ బజ్జీలు నేను వేస్తాలే వదినా" అంది. అందులో ఏమున్నాయో నాకు తెలియదు, ఆమె చెప్పుకునే దాకా నేను అడగను. మీ ఇంట్లో ఇట్లాంటి పూట వస్తే మీరూ అడగొద్దని నా మనవి.

ఆ సాయంత్రం అత్త, "వరదలప్పుడు పెద్దోడు రాసింది ఉందా? అదొకటి చదువు" అంది. 2009 అక్టోబరు. కర్నూలు, మంత్రాలయం మునిగాయని అమెరికాలో టీవీలో చూసి, ఫోన్లు కలవక, బావ వరసగా నాలుగు మెయిళ్లు రాశాడు. మాకు లైను వచ్చాక అన్నీ ఒకేసారి దిగాయి. నాలుగూ చదివాను. అత్త శనక్కాయలు ఒలుస్తూ విన్నది.

"అమ్మ చేతి జొన్నరొట్టె తినాలని ఉంది అని రాసినాడే, అది చదవలేదేం?" అంది.

మళ్లీ చూశాను. అందులో లేదు. ముందూ వెనకా ఉన్నవి కూడా తెరిచి చూశాను. లేదత్తా అన్నాను.

"మీ మామ చదివినాడే నాకు, బాగా గుర్తు" అంది. కాసేపు ఒలవడం ఆపి, ఎదురుగా గోడ దిక్కు చూసి నవ్వింది. "అయితే ఆయనే కలిపినాడు."

మళ్లీ ఒలవడంలో పడింది. నేను తర్వాతి మెయిల్ తెరిచాను.